నీలం బంతులు

వాన మొదలైతే చాలు, ఆ మనిషి వచ్చేవాడు.

గొడుగు ఉండేది కాదు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత పట్టుకుని, పల్లం వీధిలో పారే నీళ్లనే చూస్తూ నిద్రలో నడిచినట్టు నడిచేవాడు.

టైలరమ్మ దుకాణం గుమ్మంలోంచి చూసేది. అప్పటికే ఆవిడ బట్టల మూటలు అటకెక్కించి, చీర ఎగదోపి, రాబోయే నీళ్ల కోసం సిద్ధంగా ఉండేది.

"వచ్చాడే వానదొర!" అనేది అత్తగారు, మంచం మీద కాళ్లు ముడుచుకుని గుండీలు కుడుతూ.

"మన కొంపలు మునుగుతుంటే చూసి ముచ్చటపడ్డానికి వస్తాడేమో అత్తయ్యా."

"పిచ్చిదానా, స్థలాల బ్రోకరై ఉంటాడు. ఏ ఇల్లు ఎంత మునుగుతుందో చూసుకుని, అడ్డికి పావుసేరు చొప్పున కొనేద్దామని!"

ఆ మాట టైలరమ్మ మనసులో నాటుకుపోయింది.

నీళ్లతో పాటు బురద వచ్చేది, చెత్త వచ్చేది, ఎవరిదో ఒంటి చెప్పు వచ్చేది. ఆ ఏడు మాత్రం బంతులు కూడా వచ్చాయి.

నిమ్మకాయంత చెక్క బంతులు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. కరెంటు పోయిన దుకాణంలో, మసక వెలుతురులో, అవి తమలో తాము ఏదో చెప్పుకుంటున్నట్టు మెల్లగా తిరుగుతూ వచ్చి మిషన్ కాళ్ల దగ్గర ఆగేవి.

నీళ్లు తోడి పారబోశాక టైలరమ్మ వాటిని కడిగి, బుట్టలో వేసి, కిటికీలో పెట్టేది. అందులో ఎక్కువ నీలానివే. ఆ బుట్ట వంక చూస్తే నడుంనొప్పి కాస్త తగ్గినట్టుండేది.

మిషన్ మోటారు తడిసి కాలిపోయిన రోజున, ఆ మనిషి సరిగ్గా ఆవిడ గుమ్మం ముందే ఆగాడు.

"అమ్మా, ఇటు చెక్క బంతులేమైనా కొట్టుకొచ్చాయాండీ?"

టైలరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా ఇళ్లల్లోకి నీళ్లొస్తుంటే మీకు బంతులాటగా ఉందా? ఏ బంతులూ రాలేదు! ఇంకోసారి ఈ గుమ్మం దగ్గర కనబడ్డారంటే చీపురు తిరగేస్తాను!"

అంటూనే వెనక్కి చెయ్యి చాచి కిటికీ తెర లాగేసింది.

"పొరపాటైందమ్మా" అన్నాడతను. వానలోకి వెళ్లిపోయాడు. మళ్లీ కనబడలేదు.

వానలు వెనకబట్టాక మునిసిపాలిటీ హాల్లో సభ పెట్టారు. పెద్ద వాననీటి కాలువ తవ్వాలి. సగం డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, మిగతా సగం ఊరు వేసుకోవాలి. అందుకే వాన రుసుము. ఎవరి డాబా ఎంతో, ఎవరి వాకిట్లో నీళ్లు ఇంకనివ్వని సిమెంటు ఎంతో, రుసుము అంత. జనం చేతులెత్తి ఒప్పుకోకపోతే ఆ డబ్బు మరో ఊరికి పోతుంది.

ఈ కాలువ రాకపోతే దుకాణం ఎత్తేయడమేనని టైలరమ్మ ముందే నిశ్చయించుకుంది.

మెరక మీది పెద్దమనిషి లేచాడు.

"మా ఇళ్ల ముందు చుక్క నిలవదు. మా నీళ్లు కొండ వెనక వాగులో పడతాయి. పల్లం వాళ్లు మునిగితే మేమెందుకు కట్టాలండీ?"

మెరక వాళ్లంతా తలలూపారు.

"మీ నీళ్లు ఎటు పోతున్నాయో చూపిస్తానని ఒకాయన పూనుకున్నారు" అంది మునిసిపాలిటీ ఇంజనీరమ్మ. "తన పేరు చెప్పొద్దన్నారు. మీ గేటు రంగే బంతికి వేసి, మీ ఇంటి తూము దగ్గర వదిలేవారు. వానలో వాటి వెంటే నడిచేవారు. పల్లం దాకా వచ్చి మాయమైపోతున్నాయమ్మా, ఒక్కటీ దొరకడం లేదు అనేవారు. ఇప్పుడు ఆయనా లేరు. పోయిన నెల కన్నుమూశారు."

"పల్లం వాళ్లు పెట్టుకున్న మనిషై ఉంటాడు లెండి!" అన్నాడు పెద్దమనిషి. హాల్లో నవ్వులు లేచాయి.

టైలరమ్మ నవ్వలేదు.

లేచింది. ఎవరేమంటున్నా వినిపించుకోకుండా దుకాణానికి పరుగెత్తింది.

తిరిగొచ్చి, బుట్ట బల్ల మీద బోర్లించింది.

"ఇవన్నీ మా దుకాణంలోకి కొట్టుకొచ్చినవే. ఆయన వచ్చి అడిగితే, రాలేదని అబద్ధం చెప్పానండీ" అంది. కళ్లు తుడుచుకుంది.

బంతులు దొర్లాయి.

"ఆ ఎరుపు... మా గేటుదే" అన్నారెవరో.

"ఆకుపచ్చది మాది."

పెద్దమనిషి పసుపు బంతిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నెమ్మదిగా చెయ్యెత్తాడు. అతని వెనకే ఒక్కొక్క చెయ్యీ లేచింది. కాలువ ఖాయమైంది.

బల్ల మీద నీలం బంతులు మాత్రం మిగిలాయి.

"ఇన్ని నీలానివి... ఇవెవరివండీ?" అడిగింది టైలరమ్మ.

మెరక వాళ్లంతా ఒక్కసారిగా వెనక బెంచీ వైపు తిరిగి, తలలు దించుకున్నారు. అక్కడ ఒంటరిగా కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చి, ఒక బంతిని చీర కొంగుతో తుడిచింది.

"నీలం గేటు మాదేనమ్మా. ముందు మన ఇంటి నీళ్లు ఎవరింట్లో చేరుతున్నాయో చూడాలి అనేవారు మావారు. కొండ కొసన, ఊళ్లోకెల్లా పెద్ద డాబా మాదే. ఈ రుసుము వస్తే అందరికంటే ఎక్కువ కట్టాల్సింది ఆయనే."