మందు పెట్టని పది

"దానికొద్దు తాతా. నీలం రంగు పూసినవాటికి మందు లేదు."

డాక్టరమ్మ మాటకు బీరయ్య చెయ్యి గొర్రె మూతి దగ్గరే ఆగింది.

అది కల్వకుర్తి దగ్గర కురుమయ్య గొర్రెల దొడ్డి. కడుపులో నట్టపురుగులు పడ్డ ఇరవై గొర్రెల మీద పశువుల డాక్టరు మల్లిక పరీక్ష పెట్టింది. ఎర్ర రంగు పూసిన పదింటికి మోదుగ గింజల పొడి. నీలం రంగు పదింటికి ఏమీ లేదు. తేడా తేలితేనే ఆ గింజ మందని నలుగురూ నమ్ముతారు.

ఆమె వారానికోసారి వచ్చి పురుగుల గుడ్లు లెక్కపెట్టడానికి పెంటికలు సంచుల్లో కట్టుకుపోయేది. ఎప్పుడొచ్చినా దొడ్డిలో బీరయ్యే ఉండేవాడు. చిరుగుల గొంగడి చూసి జీతగాడనుకుంది. నీళ్లు మొయ్యమంటే మోసేవాడు, గొర్రెను పట్టమంటే పట్టేవాడు.

మూడో వారానికి నీలం రంగువి రెండు చచ్చిపోయాయి. ఇంకొకదాని కనురెప్ప లాగి చూస్తే రక్తం లేక సున్నంలా ఉంది.

మల్లిక సంచిలోంచి మాత్రలు తీసింది.

"ఇప్పుడేస్తే నీ పరీక్ష చెడదా బిడ్డా?"

"చెడితే చెడనీ."

"ఇంకొక్క వారమే గద. ఆగు."

ఆమెకు కోపమొచ్చింది. "నీ సొంతవైతే గిట్లనే అంటవా?"

బీరయ్య నవ్వి గొర్రె గదుమ కింద గోకాడు. మోదుగ గింజ సంగతి వాళ్ల నాయిన చెప్పేవాడట. చదువుకున్నవాళ్లు నవ్వేవారట.

"నువ్వన్నా కాయితం మీద రాయి బిడ్డా," అన్నాడు.

ఆమె మాత్రలు లోపల పెట్టేసింది.

వారం తిరిగేసరికి మరో మూడు పోయాయి. మిగిలిన అయిదింటికీ ఆ రోజే మాత్రలు వేసింది. ఎర్ర రంగు పదీ తోటకూర కట్ట కోసం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

రెండు నెలలకు పై డాక్టర్లు ఆమె రాసింది ఒప్పుకున్నారు. మల్లిక శాలువా కొనుక్కుని కురుమయ్య ఇంటికొచ్చింది.

అతను కప్పించుకోలేదు.

"మందు పెట్టినయే నావి మేడం. పెట్టకుంట ఉంచుతరంటే ఊర్ల ఎవ్వరియ్యలె. గా పది బీరయ్యవి, పరీక్షకని నా దొడ్లకు తోలిండు. ఆయనకున్నయే గవి."

మల్లిక శాలువా మడతపెట్టింది.

"తాత ఏడి?"

మిగిలిన అయిదింటితో ఇల్లు గడవక వాటిని అమ్మేసి, బీరయ్య తన జన్మలో మొదటిసారి ఇంకొకరి మంద వెంట జీతానికి పోయి వారమైందని కురుమయ్య చెప్పాడు.