పూడ్చిన బావి

భూముల రీసర్వే మొదలైన దగ్గర్నుంచీ వీరాంజనేయులుకు తన చేను గట్టు మీద ఎవరు నిలబడినా అనుమానమే.

ఆ ఉదయం మిరపచేలో ఎవరో వంగి, గుప్పెడు మట్టి తీసి రుమాల్లో కట్టుకుంటున్నారు.

“ఏయ్, ఎవరయ్యా నువ్వు?”

ఆయన లేచి నిలబడ్డాడు. తెల్లచొక్కా, యాభై దగ్గరపడ్డ మనిషి.

“వందనాలండీ. నా పేరు జకరయ్య. పొదిలి నుంచి వచ్చాను. పూడ్చిన బావి ఇక్కడే కదండీ?”

వీరాంజనేయులు అతన్ని ఎగాదిగా చూశాడు. ఆ బావిని తను పుట్టకముందే పూడ్చేశారు. ఇతనికెలా తెలుసు?

“మట్టెందుకు? టెస్టుకా? చర్చికి స్థలం చూస్తున్నారా?”

“అయ్యో, కాదండీ. మా అమ్మ చనిపోయింది. ఈ సాయంత్రం నాలుగింటికి భూస్థాపన. ఆమె పక్కన ఈ మట్టి వేద్దామని.”

“మీ ఊళ్లో మట్టి లేదా?”

“ఉందండీ. కానీ మా నాన్న ఇక్కడే…”

“అదీ, అలా రా దారికి! ఈ నేల మీ నాన్నదంటావు. రేపు కాగితాలు పట్టుకొస్తావు!”

“నేల మనదెక్కడిదండీ, దేవుడిది. మట్టితో చేసిన మనుషులం, మట్టిలోకే పోతాం. అంతే.”

“దేవుడిదైతే నాకు పాస్‌బుక్కెందుకిచ్చారు? ముందు ఆ రుమాలు విప్పు!”

జకరయ్య రుమాలు ముడి విప్పాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, తీసినచోటే మట్టి పోసి, అరచేత్తో మెల్లగా సర్దాడు. లేచి రోడ్డు వైపు నడిచాడు.

అతను బస్సెక్కేదాకా వీరాంజనేయులు గట్టు దిగలేదు.

పొద్దుగూకే వేళ ఇంటికెళ్లి, తల్లి వెంకాయమ్మతో గొప్పగా చెప్పాడు.

“ఎవడో జకరయ్యంట. పూడ్చిన బావి దగ్గర మట్టి పట్టుకుపోబోతుంటే అక్కడే పోయించా.”

బియ్యం ఏరుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

“ఎందుకంట మట్టి?”

“వాళ్లమ్మ పోయిందంట. నాలుగింటికి పూడుస్తారంట.”

వెంకాయమ్మ గోడ గడియారం వైపు చూసింది. ఆరు దాటింది.

“అయిపోయుంటుందిరా,” అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

“ఏంటమ్మా? అతను నీకు తెలుసా?”

“నువ్వప్పుడు నా కడుపులో ఉన్నావు. బావి తవ్వుతుంటే గోడ విరిగిపడింది. మీ నాన్నను భుజాల మీద నిలబెట్టుకుని పైకి పంపినోడు, మూడు రోజులు తవ్వినా దొరకలేదు. జకరయ్య తండ్రి ఇంకా మన చేలోనే ఉన్నాడురా.”