బైరాగి కట్టిన పెట్టె

ఆకుపచ్చ ఇనప్పెట్టె ముందు పుష్పరాణి గొంతుక్కూర్చుంది.

పెట్టె మీద తెల్లరంగుతో ‘బైరాగి’ అని తెలుగులో రాసి ఉంది. హుగ్లీ ఒడ్డున ఆ అక్షరాలు చదవగలిగేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా నాన్న తన పేరు తెలుగులోనే రాసుకున్నాడు.

నది పోటెక్కింది. ఒడ్డున కట్టేసిన తెరచాప పడవ మెల్లగా ఊగుతోంది.

ఒడ్డు మీది కరెంటుతో బ్యాటరీని నింపే ఛార్జరూ, ఆ బ్యాటరీతో ఫ్యానూ దీపాలూ నడిపే ఇన్వర్టరూ రెండూ ఆ పెట్టెలోనే ఉన్నాయి. రేవులో ఎలక్ట్రీషియన్‌గా చేస్తూ, సెలవు రోజుల్లో ఈ పడవ కోసం నాన్న సొంతంగా కట్టాడు. తాను పోయినా పెట్టె పోదని కోతలు కోసేవాడు.

ఆయన పోయాడు. పెట్టె మాత్రం మొన్నటి వానల దాకా నడిచింది.

ఇప్పుడు ఛార్జరు దీపం వెలుగుతుంది గానీ బ్యాటరీ నిండదు. ఫ్యాను వెయ్యగానే ఇన్వర్టరు కీచుమని ఆగిపోతుంది.

“బ్యాటరీ పోయినేడాదే కొత్తది వేయించానమ్మా,” అన్నారు పడవ యజమాని శ్రీనివాసరావుగారు. బ్యాంకులో పనిచేసి రిటైరై న్యూ టౌన్‌లో ఉంటున్నారు. జీవితంలో ఆయన చేసిన ఒకే ఒక్క తిక్కపని ఈ పడవ. “లోపం పెట్టెదే అంటున్నారు షాపువాళ్లు. రేపు కొత్తది తెచ్చి బిగిస్తారు.”

“మరి ఇదండీ?”

ఆయన నీళ్లకేసి చూశారు. “పాత ఇనుముకే కదమ్మా. నాకు మాత్రం ఇష్టమా?”

“సాయంత్రం దాకా సూడనివ్వండి సారూ.”

రేవు పని మానేశాక దగ్గర్లోని ఏక్‌బాల్‌పూర్‌లో నాన్న నడిపిన రిపేరు కొట్టు ఇప్పుడు పుష్పరాణిది. ఎన్నో పెట్టెల్ని తనే విప్పి పాత ఇనుముకు పంపింది. దీని దగ్గరకొచ్చేసరికి మనసు ఒప్పుకోలేదు.

తల్లి సింహాచలమ్మ, వద్దంటున్నా వెంట వచ్చింది. ఎల్లుండి విశ్వకర్మ పూజ, పనిముట్లకూ యంత్రాలకూ బొట్టు పెట్టే రోజు. అప్పటికి పెట్టె ఉండదని తెలిసి, ఆఖరి బొట్టు పెట్టడానికి వచ్చింది.

ఏటా పూజనాడు ఈ పెట్టెకు బొట్టు పెట్టేది నాన్న. ఆయన తర్వాత అమ్మ అందుకుంది. తన నుదుట కుంకుమ పెట్టుకోవడం మానేసింది గానీ, పెట్టెకు పెట్టడం మానలేదు.

“లైటు సరిగ్గా పట్టమ్మా.”

ఫోను లైటు పట్టుకున్న తల్లితో ఆ మాట అని, పుష్పరాణి తనలో తను నవ్వుకుంది. అది నాన్న మాట. ఈ పడవలోనే, పూజ రోజుల్లో, టార్చి పట్టమంటే తను, పండగకని ఊరంతా ఎగరేసే గాలిపటాలకేసి చూసేది. “లైటు నా సేతి మీద పట్టే. ఆకాశంలో ఏటి పని నీకు?” అని విసుక్కునేవాడు. పనయ్యాక తనే ఆకాశంలోకి చూపిస్తూ ఏది తెగుతుందో పందెం కట్టేవాడు.

ఇవాళా పైన గాలిపటాలున్నాయి.

పెట్టె దగ్గర మీటరు పెట్టింది. ఛార్జింగు బాగానే వస్తోంది. బ్యాటరీ దగ్గర పెట్టింది. అక్కడికి అందడం లేదు.

పుష్పరాణికి ప్రాణం లేచొచ్చింది. తప్పు పెట్టెది కాదు. నడుమ ఎక్కడో ఉంది.

“యేడి తగిలిన కాడే రోగం,” అనేవాడు నాన్న. తీగ వెంట వేలు జరుపుతూ వెళ్లింది. బ్యాటరీ టెర్మినల్ దగ్గర చురుక్కుమంది.

అన్నీ ఆపేసి, నట్టు వదులు చేసి, తీగ కొసనున్న క్లాంపు పైకి లాగింది.

తుప్పనుకుంది. కాదు, పసుపు.

గడపకు రాసినట్టు టెర్మినల్ చుట్టూ దట్టంగా రాసిన పసుపు, దాని మీద కుంకుమ. చెమ్మకు బిగుసుకుని పెచ్చు కట్టింది.

పోయినేడు పూజకే కొత్త బ్యాటరీ వచ్చింది, అమ్మ చేతి బొట్టు దానికీ పడింది. పూజయ్యాక బిగించారు. కుంకుమ తుడిచే ధైర్యం బిగించినవాడికి లేకపోయింది. దాని మీదే క్లాంపు తొడిగేశాడు.

కొట్లో అయితే పుష్పరాణి ఎవరినైనా దులిపేసేది. ఇక్కడ చాకు అందుకుంది.

“ఏటే అది?” సింహాచలమ్మ ముందుకు వంగింది.

పుష్పరాణి అరచెయ్యి అడ్డం పెట్టింది. “తుప్పమ్మా. వాన నీళ్లు దిగినాయి.”

“మీ నాన పన్లో తప్పేటీ లేదు గదా?”

“నాన పన్లో తప్పేటుంటాదమ్మా?”

చాకుతో గీకి, సీసం మెరిసేదాకా గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను గబుక్కున కుర్తా జేబులో కుక్కుకుంది.

క్లాంపు బిగించి, టీలు తాగేదాకా ఛార్జింగు ఎక్కనిచ్చి, ఫ్యాను వేసింది.

ఫ్యాను తిరిగింది. పెట్టె ఎప్పటిలా గుర్రుమంది.

రావుగారు కళ్లు మూసుకుని విన్నారు. “ఈ మోత వింటూనే ఇక్కడ కునుకు తీసేవాడు మీ నాన్న. నేను తెరచాపతో తంటాలు పడుతుంటే ఒక్కసారైనా లేచేవాడు కాదు.” కొత్తది వద్దని చెప్పడానికి ఫోను తీసి పక్కకు వెళ్లారు.

సింహాచలమ్మ కొంగుతో కళ్లొత్తుకుని కుంకుమ పొట్లం విప్పింది. వేలు టెర్మినల్ వైపు వెళ్లింది.

పుష్పరాణి తల్లి మణికట్టు పట్టుకుంది. “అక్కడ కాదమ్మా. ఇక్కడ పెట్టు, నాన పేరు పక్కన.”

సింహాచలమ్మ మెరుస్తున్న టెర్మినల్ వైపు చూసింది. కూతురి జేబులోంచి బయటికొచ్చిన పసుపంటిన గుడ్డకొసను చూసింది.

పేరు పక్కన బొట్టు పెట్టింది.

పడవ దిగాక చెయ్యి చాపింది. “ఆ గుడ్డ ఇలాగియ్యే.”

“తుప్పు గుడ్డమ్మా. నీకెందుకు?”

సింహాచలమ్మ తనే లాక్కుని, విప్పి చూసింది.

“బాగానే పట్టిందే తుప్పు,” అంటూ జాగ్రత్తగా మడిచి, కుంకుమ పొట్లం పక్కనే బొడ్లో దోపుకుంది.