వరుసలో పచ్చ తువ్వాలు

“ఏదో ఒకటి పెట్టప్పా పెంచలయ్యా. చెప్పులో, చెంబో. మన చోటు పోకూడదు, అంతే,” అని చెప్పి ఏకాంబరం ఫోన్ జేబులో వేసుకుని కారు బయటికి తీశాడు.

తిరుపతిలో పాత్రల అంగడి నడిపే ఏకాంబరం ఎలక్ట్రిక్ కారు కొని నెల కూడా కాలేదు. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ దాని మీద ఈగ వాలనివ్వలేదు. బెంగళూరు ప్రయాణం అనేసరికి మాత్రం గుండె జారింది. అక్కడ చెల్లెలు సుజన కూతురికి ఈరోజు చెవులు కుట్టిస్తున్నారు. పాపను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. ఆ పిల్లకున్న ఒక్కగానొక్క మేనమామ తనే. మధ్యాహ్నం రాహుకాలం వచ్చేలోగా అక్కడుండాలి.

ఇంట్లో నిండా చార్జింగ్ పెట్టినా ఈ కారు బెంగళూరు దాకా పోదు. దారిలో పలమనేరు దగ్గర ఒక హోటల్ పక్కన చార్జర్ ఉంది. ఉన్నది ఒకటే ప్లగ్గు. సెలవు రోజుల్లో అక్కడ కార్లు బారులు తీరి ఉంటాయని అంగడికి వచ్చిన ప్రతివాడూ ఏకాంబరాన్ని భయపెట్టాడు. ఒకాయనైతే ఆ వరుసలోనే తనకు తెల్లారిపోయిందని కథ మొత్తం చెప్పి, బేరమాడిన బిందె కొనకుండానే వెళ్ళిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చాడు పెంచలయ్య. దూరపు బంధువు. ఆ హోటల్ ఎదురుగానే ఆయన పంక్చర్ షాపు. ఏ పని చెప్పినా ఎందుకని అడగడు, కాదనడు, చేసేస్తాడు.

చంద్రగిరి దాటగానే ఏకాంబరానికి అనుమానం మొదలైంది. మళ్ళీ ఫోన్ చేసి, మరిచిపోకుండా పెట్టమన్నాడు. “పెడతాలే అన్నా,” అన్నాడు పెంచలయ్య. పాకాల దగ్గర ఒక తెల్ల ఎలక్ట్రిక్ కారు ఏకాంబరం కారును దాటుకుని పోయింది. వాడు కూడా పలమనేరుకే పోతున్నాడని ఏకాంబరానికి గట్టి నమ్మకం. ఇంకోసారి ఫోన్. చిత్తూరులో టిఫిన్‌కు ఆగితే, ఇడ్లీ చల్లారిపోయేదాకా పెంచలయ్యతో ఫోన్‌లోనే ఉన్నాడు. బంగారుపాళ్యంలో మరీ బతిమాలాడు.

“కడాకు నీ పచ్చ తువ్వాలన్నా వెయ్యప్పా. నాకు నిమ్మళంగా ఉంటాది.”

“ఆయన్ని పంక్చర్లు వేసుకోనీండి పాపం,” అంది పక్కనున్న భార్య పంకజాక్షి. “మీ బాధకు ఆయన ఫోన్లో చార్జింగ్ అయిపోతాది.”

పలమనేరు చేరేసరికి చార్జర్ దగ్గర ఒక్క కారూ లేదు. ఏకాంబరం మొహం వెలిగిపోయింది. అంతలోనే కిందికి చూశాడు. ప్లగ్గు ముందు నేలమీద వరుసగా ఒక జత పాత చెప్పులు, వాటి వెనక ప్లాస్టిక్ బిందె, తర్వాత అరిగిపోయిన స్కూటర్ టైరు, కాలు విరిగిన స్టూలు. అన్నిటికంటే చివర, గాలికి ఎగరకుండా రాయి పెట్టిన పచ్చ తువ్వాలు.

ఏకాంబరం ఉసూరుమన్నాడు. ఇంత చెప్పినా పెంచలయ్య ఆలస్యం చేసి ఆఖర్న వేసినట్టున్నాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఎదురుగా షాపు మూసి ఉంది.

“ఈడ ఎవురూ లేరు కదా, మనం పెట్టేసుకుందాం,” అంది పంకజాక్షి.

“వస్తువుంటే మనిషి ఉన్నట్టే లెక్క. నీళ్ళ ట్యాంకర్ దగ్గిర నీ బిందెను ఎవురో వెనక్కి జరిపినారని నువ్వు వీధి వీధంతా ఏకం చెయ్యలేదా?”

అది నిజమే కాబట్టి ఆమె నీడకేసి నడిచింది. ఇద్దరూ వేపచెట్టు కింద నిలబడ్డారు. కాసేపటికి ఆ వస్తువులన్నీ మనుషులైపోయాయి. చెప్పులాయన ముసలాయన అయ్యుంటాడని, నెమ్మదిగా వస్తాడని పంకజాక్షి అంది. బిందె వాళ్ళది పెద్ద సంసారమని, వాళ్ళ కారు కూడా పెద్దదేనని, చార్జింగ్‌కు చాలాసేపు పడుతుందని ఏకాంబరం దిగులుపడ్డాడు. స్టూలు వాడి మీద ఇద్దరికీ మంచి అభిప్రాయం కలగలేదు.

పాకాల దగ్గర దాటిపోయిన తెల్ల కారు అప్పుడొచ్చింది. దారిలో ఎక్కడో ఆగినట్టున్నాడు. డ్రైవరు దిగి, వరుస చూసి, తల బాదుకుని వెళ్ళిపోయాడు.

“చూసినావా? తువ్వాలు లేకుంటే మన గతీ అంతే,” అన్నాడు ఏకాంబరం.

ఎంతసేపు చూసినా చెప్పులాయన రాలేదు. సుజన ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఇదిగో వస్తున్నా, అదిగో వస్తున్నా అని ఏకాంబరం ఒక్కో ఫోన్‌కు ఒక్కో ఊరి పేరు చెప్పాడు. చివరికి ఆమె ఏడుపు గొంతుతో చేసింది. రాహుకాలం వచ్చేస్తోందని అయ్యవారు తొందరపెడితే, భర్త స్నేహితుడు ధనశేఖర్ ఒళ్ళో పాపను కూర్చోబెట్టి చెవులు కుట్టించేశారట. ఏకాంబరం ఫోన్ పెట్టేశాడు. చేతిలో పాపకోసం కొన్న బుట్టకమ్మల పెట్టె అలాగే ఉంది.

అప్పుడొచ్చాడు పెంచలయ్య, మోపెడ్ మీద, ఉత్తి కాళ్ళతో. ఘాట్‌లో ఎవరిదో లారీ టైరు పేలితే పోయానని, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందని చెప్పాడు. పెంచలయ్య ఆగి ఉన్న కారును, వేలాడుతున్న ప్లగ్గును మార్చి మార్చి చూశాడు.

“ఏమన్నా, ఇంకా పెట్టుకోకుండా ఈడ నిలబడినారే?”

“ఎట్ల పెట్టుకునేదప్పా? నీ తువ్వాలు ముందర నలుగురుండారే.”

పెంచలయ్య వరుస మొదటికి నడిచి, ఎండకు కాలిన చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

“నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటి పెట్టినా కదన్నా.”