బాబాయి సంచిలో డిస్కు

చిన్న స్క్రూడ్రైవరు కోసం బాబాయి సంచిలో చేయి పెట్టిన అక్క వేళ్లకు హార్డ్‌డిస్కు తగిలింది.

దుకాణపు డిస్కు. గడప దాటకూడని డిస్కు.

వీధంతా కంప్యూటరక్క అని పిలుచుకునే ఆమెకు ఆ రిపేర్ల దుకాణమే సర్వస్వం. ఎనిమిది నెలల కిందట అక్కడ పనికి కుదిరిన ఈ బాబాయి ఆమెకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. కంప్యూటర్ రిపేరు సర్టిఫికెట్ పరీక్షను మూడోసారి రాసి, యాభై రెండో ఏట గట్టెక్కి, ఆ కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి.

"ఇది మొదటి మెట్టు పరీక్షే కదండీ! కాలేజీ పిల్లలు రాసేది" అని ఆనాడు అక్క నవ్వింది.

"ఆ మెట్టు మీదే మూడేళ్లు కూర్చున్నానమ్మాయ్. మోకాళ్లు సహకరించలేదు."

ఆ మాటకే ఉద్యోగం ఇచ్చేసింది.

స్క్రూ విప్పేముందు మనిషిని అడగాలన్నది ఆయన నియమం. యంత్రం ఎప్పుడు ఆగింది, ఆగేముందు ఏం చేశారు అంటూ వచ్చినవారినల్లా కూర్చోబెట్టి వైద్యుడిలా ఆరా తీసేవాడు.

"ఇంటర్వ్యూ అయిందా బాబాయ్? ఉద్యోగం ఇచ్చినట్టేనా?" అని అక్క ఆటపట్టించేది. అయినా నెల తిరక్కుండానే దుకాణం తాళాలు ఆయన చేతికిచ్చింది.

ఇప్పుడా డిస్కును యంత్రానికి తగిలించింది.

తెరనిండా తీగలు, పూలు, పిట్టలు. ఎదురు వీధి దర్జీ ఇరవై ఏళ్లుగా గీసుకున్న కుట్టుపని డిజైన్లు.

తన కంప్యూటరు తీసుకుపోవడానికి వచ్చిన ఆ దర్జీ అక్కడే నిలబడి ఉన్నాడు.

"అవి నావి!" అతని గొంతు లేచింది. "ఏమక్కా, నా బతుకుతెరువు ఆయన సంచిలో ఎందుకుంది? ఎవరికి అమ్ముదామని?"

మనుషులు తమ గుట్టుమట్లన్నీ యంత్రంలో పెట్టి, ఆ యంత్రాన్ని తెచ్చి అక్కకు అప్పగిస్తారు. ఆ నమ్మకం పోతే దుకాణం మూతపడ్డట్టే.

"బాబాయ్, దీన్ని ఇంటికి పట్టుకెళ్లారా?"

"పట్టుకెళ్లాను."

"ఎందుకు?"

ఆయన అక్కను చూశాడు. దర్జీని చూశాడు. మళ్లీ అక్కను చూశాడు.

"పొరపాటు నాదేనమ్మాయ్. ఆయన డిజైన్లన్నీ ఆయన యంత్రంలో ఉన్నాయి, ఒకసారి సరిచూసుకోమను."

"నేనడిగిందేమిటి, మీరు చెబుతున్నదేమిటి? నోరారా బాబాయ్ అని పిలిచానే! నమ్మించి గొంతు కోస్తారా?"

"దర్జీగారు వెళ్లాక ఒక్క నిమిషం..."

"ఆయన ముందు చెప్పలేనిది నాకూ వద్దు. తాళాలు బల్లమీద పెట్టండి."

పెట్టాడు. యంత్రాలు విప్పేటప్పుడు కరెంటు తగలకుండా మణికట్టున కట్టుకునే పట్టీని కూడా విప్పి, చుట్ట చుట్టి, తాళాల పక్కన ఉంచి మెట్లు దిగిపోయాడు.

ఆ పూటే అక్క, ఆయనకు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు రాసింది. దర్జీ సాక్షి సంతకం చేశాడు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. విచారణలోనూ ఆయన పొరపాటు తనదేనన్నాడట, అంతకుమించి పెదవి విప్పలేదట. సర్టిఫికెట్ రద్దయింది. ఇక జన్మలో ఆ పరీక్ష రాసే అర్హత లేదు.

ఉత్తరంతోపాటు సాక్ష్యంగా పంపిన డిస్కూ తిరిగి వచ్చింది.

అక్కకు సంతోషం కలగలేదు. ఆయన చేసిన దొంగతనం కన్నా, ఆయనను బాబాయ్ అని పిలిచిన తన నోరే ఆమెను ఎక్కువ బాధించింది. ఆ డిస్కును చెరిపేసి వదిలించుకుందామని మళ్లీ తగిలించింది.

డిజైన్ల అడుగున ఒక చిన్న పుట. పని ముగిశాక రాసిపెట్టవలసిన నివేదిక.

"సమస్య: చెరపవలసిన పాత డిస్కుకు బదులు, డిజైన్లున్న డిస్కు చెరిగినది. సమయం: మంగళవారం మధ్యాహ్నం. చేసినది: చెరిగిన దానిని ఇందులోకి ఎక్కించి, ఇంట్లో రెండు రోజులు కూర్చుని, అన్నిటినీ రాబట్టి దర్జీగారి యంత్రంలో తిరిగి పెట్టడమైనది. ఒక్కటీ పోలేదు."

మంగళవారం!

ఆ మధ్యాహ్నం దర్జీ కంప్యూటరు ముందు కూర్చున్నది తనే. తెరమీద రెండు డిస్కుల పేర్లు కనబడితే, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ ఒకటి నొక్కి చెరిపేసింది. బాబాయికి ఆ రోజు సెలవు.

వెంటనే ఆయనకు ఫోను చేసింది. ఆ నంబరు వాడుకలో లేదు.

నివేదిక అట్టడుగున, పొరపాటు చేసినవారు అన్న మాటకెదురుగా, ఆ రోజు గుమ్మమే తొక్కని మనిషి తన పేరు రాసుకున్నాడు.