రంగు రాని టీ

"ఎంతసేపు కాంచినా రంగే రాలే డాక్టరప్పా! డబ్బాలో ఉండేదంతా ఏసేస్తి."

మందు తీసుకుని నగర్తపేటలోని తన ఇంటి మెట్లెక్కి వచ్చిన చీనా దేశపు పళ్ల డాక్టరు లిన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. జ్వరంతో పడుకున్న భార్య తమ ఊరి టీ కావాలని అడిగితే, పక్కింటి సొన్నమ్మకు డబ్బా ఇచ్చి కాచిపెట్టమని చెప్పి వెళ్లింది తనే.

పొయ్యి మీద గిన్నెలో పాలు, అల్లం, ఆకు కలిసి తెర్లుతున్నాయి.

"అది నల్లబడదు సొన్నమ్మా," అన్నాడు మెల్లగా. "చెట్టు ఒకటే. మీరు తాగే టీకి ఆకును నలిపి, నల్లబడేదాకా పెట్టి ఎండబెడతారు. మా ఊళ్లో కోసిన వెంటనే బాణలిలో వేపేస్తారు. పచ్చగానే ఉంటాది. వేడినీళ్లలో చిటికెడు వేస్తే చాలు."

"అయ్యో! కంటోన్మెంటు అంగళ్లలో దొరకదా? మా ఆయన్ని పంపిస్తా."

"యుద్ధం వచ్చినాక మా ఊరినుంచి జాబే రాలేదు. టీ ఎట్లా వస్తాది?"

సొన్నమ్మ డబ్బా తలకిందులు చేసి అరచేతిలో తట్టింది. ఏమీ రాలలేదు.

లోపలినుంచి పిలుపు వినిపించింది. లిన్ ఆ టీనే కప్పులోకి వడగట్టి తీసుకెళ్లి, భార్యను లేపి కూర్చోబెట్టి తాగించాడు. ఆమె రెండు గుక్కలు తాగి, వెనకే వచ్చిన సొన్నమ్మను చూసి నవ్వి, తమ భాషలో ఏదో చెప్పింది.

"ఏమంటా ఉండాదప్పా? బాగుండాదంటనా?"

లిన్ కప్పు కింద పెట్టాడు.

"మీ టీ చాలా బాగుండాదంట. ఇంక మా ఊరి టీ ఎప్పుడిస్తావని అడుగుతా ఉండాది."