అంగారకుడి మీద అడ్డపొగ

"ఓలమ్మో! ఇదేటయ్యా? అంగారకుడి మీద ముంజెలమ్ముకునే ముసిల్దేటి?"

టీ గ్లాసు పట్టుకుని షీబా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ముసిల్దే. నోట్లో సుట్ట కూడా ఎట్టాను, బాగా సూడు," అన్నాడు ఏసురాజు కుంచె కడుక్కుంటూ.

బొమ్మ నిండా ఎర్రటి నేల. ఆకాశంలో రెండు బుల్లి చందమామలు. వాటి కింద తోపుడుబండి, బండి నిండా తాటిముంజెలు, పక్కన ముతకచీర కట్టిన ముసలమ్మ. ఒంటికి రోదసి సూటు లేదు, తలకి గాజుటోపీ లేదు. గరివిడి స్టేషను దగ్గర అవ్వలు కాల్చినట్టే, చుట్ట నిప్పున్న కొసని నోట్లోకి తిప్పుకుని హాయిగా అడ్డపొగ పీలుస్తోంది.

"నరసింగరావుగారి కొత్త నవలకి ఇదా అట్ట? గాలే లేని సోట సుట్ట ఎలగ ఎలుగుతాది?"

"ఎలగదు. మూడో తరగతి గుంటడు కూడా నవ్వుతాడు. నవ్వాలనే ఏసాను."

షీబాకి విషయం అర్థమైంది. మొగుడి కడుపుమంట ఆమెకి కొత్తేం కాదు. నరసింగరావు సైన్స్ నవలలు రాస్తాడు, వాటి అట్టల మీద బొమ్మలు ఏసురాజు వేస్తాడు. సభ పెడితే శాలువా మాత్రం ఆయనకే. "ఏం ఊహండీ!" అన్న పొగడ్తా ఆయనకే. ఏసురాజు పేరు లోపలి పేజీలో ఓ మూల, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. సొమ్మొకడిది సోకొకడిది అని పళ్ళు నూరుకోవడమే గాని, ఆ నవలల్లో ఒక్కటైనా అతను ఇంతవరకు తెరిచి చూడలేదు. తెరిస్తే నిజంగానే బాగుంటుందేమోనని భయం.

"ఆ అట్టలే గదా మనకి కూడెడతన్నాయి," అంది షీబా. "రేపు నిన్ను మానిపించేస్తే ఏటి సేస్తావు?"

"మానిపించనీ! ఆ మనిషి పదిమందిలో తెల్లమొగం ఏస్తే సూడాల. నాకదే సాలు."

ఫోటో తీసి విజయనగరంలో ఉన్న ప్రచురణకర్త సూరయ్యకి వాట్సాప్‌లో పెట్టాడు. గ్లాసులో టీ చల్లారకముందే ఫోను మోగింది.

"ఒరే ఏసురాజూ, ఇదేటిరా? నాను నీకు సెప్పిందేటి?"

"ఎప్పుడూ సెప్పినట్టే ఒక్క ముక్క సెప్పారండి. 'అంగారకుడు, మనుషులు' అన్నారు. ముసిల్ది మనిషి కాదేటి?"

"మనిషే గానీ... దీంతో ఆయనేటి సేసుకుంటాడురా?" సూరయ్య కాసేపు నసిగాడు. "సర్లే, పంపి సూస్తాను. ఆయన ఎలగంటే అలగ."

ఆ పూటంతా ఏసురాజుకి కాలు నిలవలేదు. ఆయన వద్దంటే తవ్విన గొయ్యి వృథా. దీపాలు పెట్టే వేళకి సూరయ్య మళ్ళీ ఫోను చేశాడు.

"బొమ్మ సూసాడురా. ఆనక 'ఉంచండి' అన్నాడు."

ఏసురాజు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "సూసావేటే షీబా? నా బొమ్మని సరిగ్గా సూడనైనా సూడడు మహానుభావుడు! ఇంక సచ్చాడు."

వేసవి పోయింది, వానలూ వెనకబట్టాయి. అప్పటికిగాని పుస్తకం రాలేదు. అచ్చుకి ఇన్నాళ్ళేమిటని విసుక్కుంటూనే ఏసురాజు ఆవిష్కరణ సభకి విజయనగరం వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళి, ఆయన మొహం బాగా కనిపించేలా ముందు వరసలో కూర్చున్నాడు.

కాలేజీలో చదువుతున్న శ్రావణి అనే అమ్మాయి వచ్చి పలకరించింది. "మీ బొమ్మ కథకి ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు సరిపోతాదండీ. నవల ఎన్నిసార్లు సదివి ఏస్తారు?"

"ఒక్కసారీ సదవనమ్మా," అన్నాడు ఏసురాజు. ఆ పిల్ల వేళాకోళమనుకుని నవ్వేసి వెళ్ళిపోయింది.

వేదిక మీద పుస్తకం విప్పి అందరికీ చూపించారు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు హాలంతా పాకింది. సైన్స్ మాస్టారొకాయన లేచి, "ఏమండీ నరసింగరావుగారూ, ప్రాణవాయువు లేనిచోట చుట్టెలా వెలిగిందండీ?" అని అడిగేశాడు.

ఏసురాజుకి కడుపులో పాలు పోసినట్టయింది. ఇదిగో, ఇప్పుడు సూడాల నీ ఊహ, అనుకున్నాడు.

నరసింగరావు తడబడలేదు. కళ్ళజోడు సర్దుకుని, మొదటి పేజీ తీసి, తాపీగా చదివాడు.

"అంగారకుడి మీద పీల్చే గాలి పుట్టిందని లోకానికి మొదట కబురు చెప్పింది ఏ రాకెట్టూ కాదు. ముంజెల అసిరమ్మ నోట్లో ఆరకుండా వెలిగిన అడ్డపొగ చుట్ట."

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. అంతలోనే చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ప్రశ్న వేసిన మాస్టారే వేదికెక్కి ఆయనకి శాలువా కప్పాడు. "ఏం ఊహండీ! ఏం ఊహ!" అని నాలుగు పక్కలా ఒకటే మాట.

ఏసురాజు గబుక్కున పక్క కుర్చీలో ఉన్న సూరయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ ముసిల్ది... ఆ సుట్ట... అవి నవల్లోకి ఎలగొచ్చాయండీ? నవల ముందే రాసేసుంటాడు గదా!"

సూరయ్య అతని వంక వింతగా చూశాడు.

"ముందేటిరా? నీ బొమ్మ ఎదురుగా ఎట్టుకోకుండా ఆ మనిషి ఇన్నేళ్ళలో ఒక్క నవలైనా మొదలెట్టాడేటి?"